కురుమూర్తి సామి మిత్తి

మా దిక్కు కురుమూర్తి జాతరకు పోయినవాళ్లకు ఈ కథ తెలిసే ఉంటుంది. తిరుమల వెంకన్న పెండ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు కదా, ఆ అప్పు తీర్చలేకపోయాడట. కుబేరుడి ఒత్తిడి పడలేక కొండ దిగి, ఉత్తరం దిక్కు నడుచుకుంటూ కృష్ణ ఒడ్డుకు వచ్చి, చిన్నచింతకుంట దగ్గరి గుట్టల్లో కురుమూర్తి సామిగా ఉండిపోయాడట. జాతరలో సామికి ఉద్దాలు, అంటే పెద్ద పెద్ద చెప్పులు, ఊరేగింపుగా తెస్తారు. అంత దూరం నడిచొచ్చినవాడికి ముందు ఇవ్వాల్సింది చెప్పులే కదా అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి.

మూడేండ్ల కింద జాతరలో మా చిన్నాయన మెట్ల మీద ఆగి, దమ్ము తీసుకుంటూ అన్నాడు: "ఈయన గూడ మన పాలమూరు లేబరే రా. అప్పు తీర్వ చాతగాక ఊరిడిసిండు. ఫరక్ ఏందంటే, ఈయనకు మేస్త్రి లేడు."

నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. వడ్డీ సిద్ధాంతాలు అని ఒక పాఠం ఉంది. సాంప్రదాయ సిద్ధాంతం, రుణయోగ్య నిధుల సిద్ధాంతం, ద్రవ్యత్వాభిరుచి సిద్ధాంతం. పరీక్షలో తప్పకుండా వస్తుంది కాబట్టి పిల్లలు బట్టీ పడతారు. ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు కొంచెం సిగ్గుగా ఉంటుంది. ఎందుకంటే, క్లాసులో కూర్చున్న వాళ్లలో సగం మంది ఇండ్లు మిత్తి మీద, అంటే వడ్డీ అప్పుల మీద, నడుస్తున్నాయి. ఆ ఇండ్లల్లో కట్టే మిత్తికి, నేను బోర్డు మీద గీసే బొమ్మకు మధ్య సంబంధం చూపించమంటే నాకు కష్టమే.

మొదటి ఇబ్బంది భాషతోనే మొదలవుతుంది. మా ఊళ్లల్లో మిత్తిని శాతాల్లో చెప్పరు. "రెండు రూపాయలకు తెచ్చిన" అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36. ఒకసారి క్లాసులో బ్యాంకు పంట రుణం 7 శాతం అని చెబితే ఒక పిల్ల "అంత ఎక్కువనా సార్" అంది. ఆ పిల్ల లెక్కలో అది నెలకు ఏడు రూపాయలు మరి. నిజానికి అది 58 పైసల మిత్తి. మహిళా సంఘాలకు "పావలా వడ్డీ" అని ప్రభుత్వం పేరు పెట్టినప్పుడు మాత్రం ఎవరికీ టీకా తాత్పర్యం చెప్పాల్సిన పని పడలేదు. నూటికి నెలకు పావలా, ఏడాదికి 3 శాతం. ఆ పేరు పెట్టినవాళ్లకు ఊరి లెక్క తెలుసు.

డబ్బు అప్పు కంటే పాతది గింజల అప్పు. దాన్ని నాగు అనేవాళ్లు. ఆషాఢంలో గాదె ఖాళీ అయినప్పుడు బస్తా జొన్నలు తెచ్చుకుంటే, పంటకు బస్తాన్నర కొలవాలి. ఆరు నెలలకు 50 శాతం అని మనం వెంటనే లెక్క కట్టేస్తాం. ఇక్కడ నేను షావుకారి తరఫున ఒక మాట చెప్పాలి. ఆషాఢంలో గింజల ధర ఎక్కువ, పంట రోజుల్లో తక్కువ. కాబట్టి రూపాయల్లో చూస్తే ఆ 50 శాతం కొంత తగ్గుతుంది. నిజమే. అయితే తెలివైన షావుకారి గింజలు ఇచ్చి గింజలు రాసుకోడు, రూపాయలు రాసుకుంటాడు. బస్తా వెయ్యి ఉన్నప్పుడు ఇచ్చి, పద్దులో వెయ్యి రాసుకుని, రెండు రూపాయల మిత్తి కడతాడు. ఆరు నెలలకు 1,120 అవుతుంది. అప్పటికి కల్లంలో బస్తా ధర 700. అంటే ఒక బస్తా తెచ్చినవాడు 1.6 బస్తాలు కొలవాలి. నోటితో చెప్పింది రెండు రూపాయలు, గుంజింది నాగు కంటే ఎక్కువ. మిత్తి రేటు ఎంత అని అడిగేవాడు అమాయకుడు. దేంట్లో రాసుకున్నావు, దేంట్లో తీసుకుంటావు అని అడగాలి.

ఈ గింజల మిత్తి కౌటిల్యుడికి తెలుసు. అర్థశాస్త్రంలో నూరు పణాలకు నెలకు ఒకటింబావు పణం ధర్మమైన వడ్డీ అని ఉంది. మన భాషలో రూపాయి పావలా మిత్తి. వ్యాపారానికైతే ఐదు, అడవుల గుండా సరుకు తోలేవాళ్లకు పది, సముద్రం మీద పోయేవాళ్లకు ఇరవై. అప్పు మునిగే భయం ఎంత ఎక్కువుంటే అంత మిత్తి అన్నమాట. దీన్ని మా పుస్తకాలు "రిస్క్ ప్రీమియం" పేరుతో ఆధునిక సంగతిగా చెబుతాయి. నాకు ఎక్కువ నచ్చింది మాత్రం ఆ తర్వాతి మాటలు. ధాన్యం వడ్డీ పంట చేతికొచ్చే వేళకు సగం మించకూడదంటాడు. రోగంతో పడి ఉన్నవాడికి, గురువు దగ్గర చదువుకునేవాడికి, చిన్నపిల్లవాడికి, ఏమీ లేనివాడికి అప్పు పెరగకూడదంటాడు. పని రోజుల్లో రైతును అప్పు కోసం పట్టుకోకూడదంటాడు. ఆయన ఇంతకంతే అని గీసిన సగం గీత మా ఊరికొచ్చేసరికి మామూలు రేటైపోయింది, అది వేరే సంగతి.

అర్థశాస్త్రాన్ని మెచ్చుకుని మనుస్మృతిని వదిలేస్తే లెక్క తప్పుతుంది. అందులో నెలకు నూటికి బ్రాహ్మణుడికి రెండు, క్షత్రియుడికి మూడు, వైశ్యుడికి నాలుగు, శూద్రుడికి ఐదు. సముద్రం లేదు, అడవి లేదు, కులమే రేటు. వడ్డీ అసలుకు సమానమయ్యాక ఆగిపోవాలన్న మంచి నియమం కూడా అందులోనే ఉంది కానీ, రెండు నుంచి ఐదు దాకా పోయే ఆ మెట్ల దగ్గర నేను ఆగిపోతాను. మా ఊళ్లో పక్కపక్క గేరుల్లో ఉన్న ఇద్దరికి ఒకే షావుకారి ఒకే రోజు రెండు రేట్లు చెప్పడం నేను కండ్లతో చూశాను. ఇద్దరి భూమీ ఒక్కటే దుబ్బ నేల, ఇద్దరిదీ వాన మీద బతుకే. ఒకరికి రెండు రూపాయలు, ఇంకొకరికి నాలుగు. నాలుగు చెప్పించుకున్న మనిషికి ఆ ఊళ్లో అప్పు పుట్టే ఇంకొక గడప లేదు. అదే తేడా.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మిత్తి ఓపికకు ధర అంటారు, కాలానికి ధర అంటారు, భయానికి ధర అంటారు. అవన్నీ ఎంతో కొంత నిజమే. కానీ మా జిల్లాలో మిత్తిని తేల్చేది, అప్పు కావాల్సినవాడు ఎన్ని గడపలు ఎక్కగలడు అన్నది. మూడు గడపలుంటే రూపాయిన్నర, ఒక్కటే ఉంటే నాలుగు రూపాయలు. ఆర్థికశాస్త్ర చరిత్రంతా ఈ మాటకు దగ్గరగా వచ్చి, మళ్లీ దూరంగా పోయిన కథలాగా నాకు కనిపిస్తుంది.

దగ్గరగా వచ్చినవాళ్లలో, చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, ఆడమ్ స్మిత్ ఒకడు. బజారును దాని మానాన వదిలేయమన్న పెద్దమనిషిగా ఆయనను పిల్లలకు పరిచయం చేస్తాం. 1776 నాటి 'వెల్త్ ఆఫ్ నేషన్స్'లో ఆయనే వడ్డీకి చట్టం హద్దు ఉండాలన్నాడు. అప్పుడు ఇంగ్లండులో ఆ హద్దు 5 శాతం. దాన్ని 8కో 10కో పెంచితే డబ్బంతా దుబారా మనుషుల చేతికి, గాలిమేడలు కట్టేవాళ్ల చేతికి పోతుందని, నిలకడగా పని చేసుకునేవాడికి దొరకదని ఆయన భయం. 1787లో ఇంగ్లండు తత్వవేత్త జెరెమీ బెంతామ్ రష్యాలో ఉండి ఉత్తరాల రూపంలో దీనికి జవాబు రాశాడు. బుద్ధి ఉన్న మనిషి తన మంచిచెడులు చూసుకుని ఎంత మిత్తికైనా తెచ్చుకుంటే మధ్యలో చట్టానికేం పని అన్నాడు. హద్దు పెడితే అప్పు దొరకదు, దొరికినా దొంగచాటుగా, ఇంకా ఎక్కువకు దొరుకుతుంది అన్నాడు. బ్రిటన్ చివరికి 1854లో ఆ చట్టాలు ఎత్తేసింది.

బెంతామ్ మాటలో బలం లేదని నేను అనలేను. 2010 అక్టోబర్‌లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఆడవాళ్ల గ్రూపులకు చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్స్ వచ్చింది. వారం వారం వాయిదాలు, గ్రూపులో ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు ఆమె ఇంటి ముందు కూర్చోవడం, దిక్కుతోచక ప్రాణాలు తీసుకున్నవాళ్లు... ఆర్డినెన్స్ రావాల్సిందే. మా అమ్మ ఉన్న గ్రూపులో ఒకామె భర్తకు యాక్సిడెంట్ అయితే, ఆ వారం ఆమె వాయిదా మిగతా ఆడవాళ్లు కట్టారు. మా అమ్మ మూడు నెలలు ఆమెతో మాట్లాడలేదు, ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే ముఖం తిప్పుకుంటుంది. అయితే ఆర్డినెన్స్ వచ్చాక కొత్త అప్పులు ఆగిపోయాయి. అవసరాలు ఆగలేదు. ఆడవాళ్లు మళ్లీ షావుకారి గడపకే పోయారు, ఈసారి మూడు రూపాయలకు. ఒక గడప మూసినప్పుడు ఇంకొకటి తెరవకపోతే ఏమవుతుందో బెంతామ్ సరిగ్గానే చెప్పాడు. ఆయనకు తట్టని సంగతి ఏమిటంటే, ఒకే గడప ఉన్నవాడు తన మంచిచెడులు ఎంత చూసుకున్నా ఆ గడపే ఎక్కుతాడు.

ఇక అమెరికా ఆర్థికవేత్త ఐర్వింగ్ ఫిషర్. ఈయన దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి. 1930లో వచ్చిన 'ద థియరీ ఆఫ్ ఇంటరెస్ట్' ఇప్పటికీ వడ్డీ పాఠానికి పునాది. ఆస్ట్రియా ఆర్థికవేత్త బోమ్ బావెర్క్ వేసిన దారిలోనే నడుస్తూ, వడ్డీని రెండు సంగతులు తేలుస్తాయన్నాడు. ఇప్పుడే ఖర్చు పెట్టుకోవాలన్న తొందర ఒకటి, పెట్టుబడి పెట్టే అవకాశం ఒకటి. పేదరికం ఆ తొందరను పెంచుతుందని కూడా ఒప్పుకున్నాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ అంతకుముందు 1907లో రాసిన వడ్డీ పుస్తకంలో, రేపటి గురించి ముందుచూపు లేని జనాల జాబితా ఒకటి ఇచ్చాడు. అందులో చైనా, జావా, రష్యా రైతులు, అమెరికా దక్షిణాది నల్లజాతివాళ్లతో పాటు ఇండియా కూడా ఉంది. ముందుచూపు లేక మిత్తి ఎక్కువట! ఆషాఢంలో పిల్లలకు గట్క కోసం బస్తా జొన్నలు తెచ్చుకున్నవాడికి తొందర ఎక్కువన్నమాట. ఆకలికి ఆ పేరు పెట్టొచ్చని మాకెవరికీ తట్టలేదు.

1929 అక్టోబర్‌లో ఇదే ఫిషర్, షేర్ల ధరలు ఇక దిగిరాని ఎత్తుకు చేరినట్టున్నాయని ప్రకటించాడు. కొద్దిరోజులకే అమెరికా మార్కెట్ కూలింది. అప్పు తెచ్చి షేర్లు కొన్న మనిషి, ఆస్తంతా పోగొట్టుకున్నాడు. వదిన దగ్గర అప్పు చేశాడు. ఆయన ఇంటిని ఆయన పనిచేసిన యేల్ యూనివర్సిటీయే కొని, ఆయనకే కిరాయికి ఇచ్చింది. నాకు ఇందులో సంతోషమేమీ లేదు. అప్పు ఎవరికైనా అప్పే. చూడాల్సింది ఆ తర్వాత ఆయన రాసింది. 1933లో వచ్చిన వ్యాసంలో అప్పులు, ధరల పతనం కలిస్తే ఏమవుతుందో చెప్పాడు. అందరూ ఒకేసారి అప్పు తీర్చడానికి సరుకు అమ్ముకుంటారు. దాంతో ధరలు పడతాయి. ధరలు పడేసరికి మిగిలిన అప్పు బరువెక్కుతుంది. ఆయన లెక్క ప్రకారం 1933 మార్చి నాటికి అమెరికాలో అప్పులు దాదాపు 20 శాతం తగ్గాయి, డాలరు విలువ దాదాపు 75 శాతం పెరిగింది, కాబట్టి అసలు భారం 40 శాతం పెరిగింది. అప్పున్నవాడు ఎంత కడితే అంత బాకీ పడతాడు అని తేల్చాడు.

మనం ఇందాక కట్టిన బస్తా లెక్క ఇదే కదా. వెయ్యి రూపాయల బస్తా, 700 రూపాయల కల్లం. ఫిషర్‌కు యావదాస్తి పోతే గానీ అర్థం కాని సంగతి నల్లగొండ, పాలమూరు ఆముదం రైతులకు అదే కాలంలో ఇంటిముందు జరిగింది. ధరలు కూలాయి, అప్పు పత్రంలోని అంకె మాత్రం కదలలేదు. భూములు కాగితాల మీద చేతులు మారాయి. భూమి లేనివాడు మనిషినే రాసిచ్చాడు, దాన్ని భగేలా అన్నారు. అప్పు తీరేదాకా దొర ఇంట్లో చాకిరి. దాన్ని కట్టడి చేయాలని నిజాం ప్రభుత్వం 1936లో నిబంధన తెచ్చినా, కాగితం ఒక దిక్కు, గడి ఒక దిక్కు. ఆ తర్వాత పదేండ్లకు నల్లగొండ ఊళ్లల్లో జనం లేచినప్పుడు భూమి, వెట్టితో పాటు అప్పు పత్రాలు కూడా మంటల్లోకి పోయాయి. అంతకు డెబ్బై ఏండ్ల ముందు, 1875లో, షావుకార్ల మీద తిరగబడిన పుణె, అహ్మద్‌నగర్ రైతులు కూడా ముందు వెతికింది పత్రాల కోసమే. వాళ్లలో ఎవరూ వడ్డీ సిద్ధాంతం చదవలేదు.

ఇంగ్లండు ఆర్థికవేత్త కీన్స్ గురించి ఇక్కడ పొడుగ్గా రాయను. కీన్స్ 1936లో వడ్డీని నగదు చేతిలో ఉంచుకోవాలన్న కోరికతో ముడిపెట్టాడు. లండన్ బాండ్ల బజారుకు అది సరిపోతుంది. మా కల్లానికి సరిపోదు.

స్వాతంత్ర్యం వచ్చాక రిజర్వ్ బ్యాంకు 1951-52లో దేశమంతా గ్రామీణ రుణాల సర్వే చేయించింది. రైతు తెచ్చిన ప్రతి నూరు రూపాయల అప్పులో సహకార సంఘాలవి 3.1, వాణిజ్య బ్యాంకులవి 0.9 మాత్రమే. వడ్డీ వ్యాపారులు, అప్పులిచ్చే పెద్ద రైతులు కలిపి దాదాపు 70. గడపల లెక్క ఇంత పచ్చిగా చెప్పిన పట్టిక నేను ఇంకొకటి చూడలేదు. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1975లో గ్రామీణ బ్యాంకులు, 1982లో నాబార్డు, ఇవన్నీ కొత్త గడపలు కట్టే ప్రయత్నాలే. కట్టారు. మా నాయనకు మాత్రం ఆ గడప ఎక్కడం రాలేదు, ఎందుకంటే ఆయనది కౌలు వ్యవసాయం. మా మండలంలోని ఒక బ్యాంకులో మూడుసార్లు "పాసుబుక్ ఏది?" అని పంపించేశారు. పాసుబుక్ హైదరాబాద్‌లో ఉన్న పట్టాదారు అల్మారాలో ఉంది. నాయన విత్తనాలు, మందులు ఫర్టిలైజర్ షాపులో ఉద్దెరకు తెచ్చాడు. ఉద్దెర ధర వేరు, నగదు ధర వేరు. దాని మీద మిత్తి. పత్తి ఆ షాపుకే తోలాలి. అక్కడ తరుగు. మిత్తి ఎంత అని నేను డిగ్రీ చదివే రోజుల్లో నాయనను అడిగితే "రెండు రూపాయలే" అన్నాడు, షాపాయన మంచోడన్నట్టు. మిగతా మూడు చోట్ల పోయింది ఆయన లెక్కలో మిత్తి కిందికి రాలేదు.

దీన్ని మొదటిసారి నాకు విడమరచి చెప్పింది ఆర్థికవేత్త అమిత్ భాదురి. 1973లో పశ్చిమ బెంగాల్ పల్లెలను చూసి రాసిన వ్యాసం అది. భూమి ఇచ్చేవాడే అప్పు కూడా ఇస్తే, వాడికి కౌలుదారు అప్పు తీరిపోవడం లాభం కాదన్నాడు. అప్పు తీరితే మనిషి చేయి జారిపోతాడు. పంట పెంచే కొత్త పద్ధతులను కూడా అలాంటి భూస్వామి అడ్డుకోవచ్చన్నాడు. దీని మీద తర్వాత చాలామంది విరుచుకుపడ్డారు. పంట పెరిగితే భూస్వామి కౌలు పెంచుకుంటాడు గానీ ఎందుకు వద్దంటాడు అని. ఆ ప్రశ్న సరైనదే. కానీ భూమి, అప్పు, కూలి, బజారు ఒకే చేతిలో ఉంటే వాటిని విడివిడిగా లెక్క కట్టలేం అన్న అసలు మాట అట్లనే నిలబడింది. 1981లో అమెరికా ఆర్థికవేత్తలు స్టిగ్లిట్జ్, వైస్ ఇంకొక దిక్కు నుంచి వచ్చారు. ఎవరు కడతారో, ఎవరు ఎగ్గొడతారో బ్యాంకుకు తెలియదు. మిత్తి పెంచితే మంచివాళ్లు తప్పుకుంటారు, తెగించినవాళ్లు మిగులుతారు. అందుకని బ్యాంకు మిత్తి పెంచదు, గేటు మూస్తుంది. మూడుసార్లు గేటు దాకా పోయొచ్చిన మా నాయన ముఖం నాకు ఆ వ్యాసం చదువుతుంటే గుర్తొచ్చింది.

చిన్నాయన అన్న మేస్త్రి సంగతి ఇప్పుడు చెప్పొచ్చు. కూలీలను గుంపుగా దూరపు పనులకు తోలుకుపోయే గుంపు మేస్త్రి ఇచ్చే అడ్వాన్సుకు మిత్తి ఉండదు. నిజంగానే సున్నా. చిన్నాయన పెండ్లి అప్పు మూడు రూపాయల మిత్తికి పెరుగుతుంటే, మేస్త్రి అడ్వాన్సు తెచ్చి షావుకారి మొఖాన కొట్టాడు. ఇంట్లో అందరూ సంతోషించారు. మిత్తి లేని అప్పు కదా. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ మహారాష్ట్రలో కాలువ పనికి పోయారు. పక్కన విడిగా వచ్చిన కూలీలకు ఎంత ఇస్తున్నారో చిన్నాయనకు తెలుసు, తనకు ఎంత పడుతుందో కూడా తెలుసు. ఆ తేడాయే మిత్తి అని నేను అంటే ఆయన ఒప్పుకోడు. "మిత్తి లేదు రా, కూలి తక్కువ, అంతే" అంటాడు. రోగమొచ్చి పడుకున్న రోజులు కూడా పద్దులో అసలుకే చేరేవి. పండక్కు ఊరికొచ్చినప్పుడు ఇంకా ఎంత బాకీ ఉందని మా అవ్వ అడిగితే చిన్నాయన రూపాయల్లో చెప్పేవాడు కాదు. "ఇంకొక్క సీజన్ అమ్మా" అనేవాడు. అట్ల ఆరు సీజన్లు పోయాయి. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లోనే వచ్చింది. చిన్నాయన కాలువ తవ్వింది 1990ల్లో.

ఇప్పుడు మా క్లాసు పిల్లల ఫోన్లలో లోన్ యాప్‌లు ఉన్నాయి. గడపలు పెరిగాయి కదా సార్, మీ లెక్క ప్రకారం మిత్తి తగ్గాలి కదా అని ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. యాప్ ఏడు రోజులకు ఐదు వేలు ఇస్తానని, ముందే ఫీజు పేరిట పట్టుకుని చేతికి మూడున్నర వేలు వేస్తుంది. లెక్క కట్టమన్నాను. వారానికి దాదాపు 43 శాతం అని వాడే తేల్చాడు. నాగు ఆరు నెలలకు తీసుకున్నది, దాదాపు అంతా ఇది వారంలో తీసుకుంటుందన్నమాట. పది యాప్‌లు ఉన్నా, ఒక యాప్ అప్పు తీర్చడానికే ఇంకొకటి ఎక్కుతున్నవాడికి అవన్నీ కలిపి ఒకటే గడప. ఆ రోజు వడ్డీ పాఠంలో బొమ్మ గీయలేదు.

జాతర సంగతి మధ్యలో వదిలేశాను. దర్శనం అయ్యాక చిన్నాయన హుండీ దగ్గర నిలబడి, జేబులు రెండూ తడుముకుని, వంద రూపాయల నోటు తీసి వేశాడు. ఆయన చేతికి అది పెద్ద మొత్తం. తిరుపతి పోయినప్పుడు పది రూపాయలే వేసినవు, ఇక్కడ వంద ఎందుకు చిన్నాయనా అన్నాను.

"ఆడ ఏస్తే కుబేరునికి పోతయి బిడ్డా. ఈడ ఏస్తే ఈయనకే మిగుల్తయి" అన్నాడు, చెప్పుల కోసం వెతుక్కుంటూ.